మాటను బట్టి పద్ధతి



మన బడుల్లో ఇంగ్లీషు పాఠం ఎలా మొదలవుతుందో చాలామందికి తెలుసు. నల్లబల్ల మధ్యలో నిలువుగా ఒక గీత గీస్తాం. ఎడమవైపు కొత్త మాటలు, కుడివైపు వాటి అర్థాలు రాస్తాం. పిల్లలు వాటిని నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకుంటారు. ఒక్కో మాట ఐదుసార్లో పదిసార్లో రాసుకు రమ్మని ఇంటిపని ఇస్తాం. మర్నాడు దిద్ది సంతకం పెడతాం. వారం తిరిగాక అందులో ఒక మాట పట్టుకుని అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు.

ఇందులో పిల్లల తప్పు లేదు, చెప్పినన్నిసార్లూ రాశారు. ఉపాధ్యాయులు శ్రమ పడలేదనీ అనలేం. చిక్కు ఎక్కడంటే, అన్ని రకాల మాటలకూ మనం ఒకే పద్ధతి వాడుతున్నాం. కంటికి కనిపించే వస్తువు పేరు, ఒంటితో చేసే పని పేరు, మనసులో మెదిలే భావం, రెండు వాక్యాలను కలిపే చిన్న మాట, ఇవన్నీ ఒక జాతివి కావు. వీటన్నిటినీ ఒకే గీతకు అటూ ఇటూ రాస్తే పని పూర్తయినట్టు కనిపిస్తుంది, అంతే. ముందు మాటను చూడాలి, దాన్ని బట్టి పద్ధతి ఎంచుకోవాలి. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచింది ఇదే.

పద్ధతి కంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. పాఠంలో కనిపించిన ప్రతి కొత్త మాటనూ నేర్పాలా? ఈ ప్రశ్నను గట్టిగా అడిగినవారిలో మైకేల్ వెస్ట్ ముఖ్యుడు. 1920లలో ఆయన ఢాకాలో విద్యాశాఖలో పనిచేశాడు. బెంగాలీ పిల్లల ఇంగ్లీషు వాచకాలు చూస్తే, పిల్లలు మళ్ళీ జన్మలో ఎదుర్కోని అరుదైన మాటలు వాటి నిండా ఉన్నాయి. పైగా కొత్త మాటలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. అరుదైన మాటలు తీసేసి వాడుకలో ఉన్న మాటలు పెట్టి, కొత్త మాటలను పాఠమంతా పలచగా సర్ది ఆయన వాచకాలు తయారుచేశాడు. 1953లో ఆయన సంపాదకత్వంలో వచ్చిన పట్టికలో ఉన్నవి సుమారు 2000 ముఖ్యమైన మాటలే. ఆ 2000 వస్తే మామూలు ఇంగ్లీషు రచనల్లో సుమారు 80 శాతం మాటలు తెలిసినవే అవుతాయి. అక్కడి నుంచి దారి పొడుగు. ఎవరి సాయమూ లేకుండా నవలో దినపత్రికో చదువుకోవాలంటే 8000 నుంచి 9000 పదకుటుంబాలు కావాలని న్యూజిలాండ్ ఆచార్యుడు పాల్ నేషన్ 2006లో లెక్కకట్టాడు. పదకుటుంబం అంటే ఒక మాట, దాని నుంచి పుట్టిన రూపాలూ కలిపి.

ఈ లెక్కలు చూస్తే రెండు సంగతులు తేలుతున్నాయి. మొదటిది, పాఠం చివర ఇచ్చిన జాబితాలోని మాటలన్నీ ఒకే విలువ గలవి కావు. ఏ రాజుగారి రథానికో కట్టిన అలంకారం పేరు ఒక పాఠంలో వచ్చిందనుకోండి. దాని అర్థం చెప్పేసి ముందుకు పోవచ్చు. కంపేర్, డిస్క్రైబ్, ఎస్టిమేట్, కన్‌క్లూడ్ లాంటి మాటలు అలా కాదు. అవి సైన్సులో వస్తాయి, సోషల్‌లో వస్తాయి, ప్రశ్నపత్రంలో ప్రతి ఏడూ వస్తాయి. జవాబు తెలిసి కూడా ప్రశ్నలోని క్రియ అర్థంకాక మార్కులు పోగొట్టుకునే పిల్లలు మన దగ్గర తక్కువేం లేరు. అందుకని ఏ సబ్జెక్టులోనైనా పనికొచ్చే ఇలాంటి మాటలకే ఎక్కువ సమయం ఇవ్వాలి.

రెండో సంగతి, సందర్భాన్ని బట్టి అర్థం ఊహించుకో అని మనం తరచూ ఇచ్చే సలహా గురించి. వాక్యంలో ప్రతి ఐదు మాటల్లో ఒకటి తెలియని పిల్లవాడికి అసలు సందర్భమే అందదు, ఇక దాన్ని బట్టి ఏం ఊహిస్తాడు? పేజీలో ఒకటో రెండో తెలియని మాటలు ఉన్నప్పుడే ఆ సలహా పనికొస్తుంది. కింది తరగతుల్లో దాని మీద భారం వేయకూడదు.

ఇక పద్ధతుల సంగతి. గోదావరి వరదల మీద ఒక పాఠం ఉందనుకుందాం. అందులో ఈ మాటలు వచ్చాయి: ఫ్లడ్, బ్యాంక్, శాండ్‌బ్యాగ్, స్టాగర్, రిలక్టెంట్, ఆల్దో. ఆరు మాటలు. ఒక్కోదాన్నీ దగ్గర నుంచి చూద్దాం.

ఫ్లడ్ అంటే వరద. ఒక్క తెలుగు మాట చెబితే చాలు, అర నిమిషం కూడా పట్టదు. పిల్లలకు వరద తెలుసు, వాళ్ళకు కొత్తది పేరే. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని వార్తల్లో వింటూ పెరిగిన పిల్లలకు వార్నింగ్, లెవెల్ కూడా వచ్చినట్టే. అసలు మన పిల్లలు బడికి రాకముందే వందల ఇంగ్లీషు మాటలు నోట పట్టి వస్తారు. రీచార్జి, బ్యాలెన్సు, సిగ్నల్, ఛార్జర్, టిక్కెట్టు, స్టాపు, గేరు, బ్రేకు. ఇవి ఇంగ్లీషు మాటలేనని కూడా చాలామందికి తెలియదు. వీటిని పోగుచేసి గోడ మీద రాయించండి. నాకేమీ రాదు అనుకుంటూ వెనక బెంచీలో కూర్చున్న పిల్లవాడికి అంత ధైర్యం ఇచ్చేది ఇంకొకటి నాకు కనిపించలేదు.

బ్యాంక్ అనేది వేరే రకం మాట. అది వాళ్ళకు వచ్చు, కాని డబ్బు దాచుకునే చోటుగానే వచ్చు. నది పక్కన బ్యాంక్ ఏమిటని పిల్లవాడు అడగడు. తెలిసిన మాటే కదా అని దాటేస్తాడు, వాక్యం తప్పుగా అర్థమవుతుంది. తెలియని మాట దగ్గర పిల్లలు ఎలాగూ ఆగుతారు. తెలిసినట్టుండే మాట దగ్గర వాళ్ళను మనమే ఆపాలి. ఇక్కడ పనికొచ్చేది బొమ్మ. రెండు గీతలు గీసి మధ్యలో నీళ్ళు చూపిస్తే గట్టు ఏదో వాళ్ళే చెబుతారు.

శాండ్‌బ్యాగ్‌కు అర్థం చెప్పనే కూడదు. శాండ్ తెలుసు, బ్యాగ్ తెలుసు. రెండూ కలిపితే ఏమవుతుందో పిల్లల చేతే చెప్పించాలి. అలా విడదీసి చూడడం అలవాటైతే రెయిన్‌కోట్, ఫుట్‌పాత్, సన్‌రైజ్ వాటంతట అవే అర్థమవుతాయి. సమాసాలను విడదీయడం మన పిల్లలకు తెలుగు తరగతిలో ఎలాగూ అలవాటే.

స్టాగర్ అంటే తూలుతూ నడవడం. దీనికి అర్థం రాయడం కంటే నడిచి చూపించడం మేలు. అమెరికాలో జేమ్స్ యాషర్ అనే ఆచార్యుడు 1960లలో ఈ దారినే ఒక బోధన పద్ధతిగా మలిచాడు. గురువు ఆజ్ఞ ఇస్తాడు, పిల్లలు ఒంటితో చేసి చూపిస్తారు. నడకకు ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నాయో చూడండి. కుంటితే లింప్, మునివేళ్ళ మీద నడిస్తే టిప్‌టో, కవాతు చేస్తే మార్చ్. ఒక పిల్ల ముందుకొచ్చి నడవాలి, తక్కినవాళ్ళు ఆ నడక పేరు చెప్పాలి. తరగతి కొంచెం గోల అవుతుంది, పక్క గదివాళ్ళు తొంగిచూస్తారు. అయినా ఫరవాలేదు. కాని ఈ పద్ధతి క్రియల దగ్గరే ఆగుతుంది. హానెస్టీని నటించి చూపించమంటే ఎవరివల్లా కాదు.

ఇప్పుడు రిలక్టెంట్. నిఘంటువు చూస్తే విముఖత గల అని ఉంటుంది. ఆ తెలుగు మాట ఏడో తరగతి పిల్లకు తెలుసా? నూటికి తొంభై పాళ్ళు తెలియదు. తెలియని ఇంగ్లీషు మాటకు తెలియని తెలుగు మాట అర్థంగా ఇచ్చాం. పిల్ల రెండూ బట్టీ పడుతుంది, పరీక్షలో రాస్తుంది, రెండూ మర్చిపోతుంది. దానికి బదులు, వేసవి సెలవులయ్యాక మొదటి రోజు బడికి కాళ్ళీడ్చుకుంటూ వస్తారు చూడండి, అదీ రిలక్టెంట్ అంటే అని చెప్పి చూడండి. ఆ తర్వాత పిల్లలనే అడగాలి. మీరు ఏ పని మనసొప్పక చేస్తారు? చెల్లికి సైకిలు ఇవ్వడమా, పొద్దున్నే లేవడమా, చుట్టాలింట్లో ఉండడమా? వాళ్ళ జవాబులు తెలుగులోనే రానివ్వండి, ఒక్క రిలక్టెంట్ మాత్రం ఇంగ్లీషులో ఉండాలి. నాలుగైదు సందర్భాలు దొర్లేసరికి మాట వాళ్ళ సొంతమవుతుంది. ఇలాంటి మాటకు ఐదారు నిమిషాలు పడుతుంది. ఫ్లడ్ దగ్గర మిగిల్చిన సమయాన్ని ఇక్కడ ఖర్చుపెట్టాలి.

చివరిది ఆల్దో. దీని అర్థం అయినప్పటికీ అని రాసి ఊరుకుంటే మేలు కంటే కీడే ఎక్కువ. వాన కురిసినా బడికి వచ్చాడు అన్నప్పుడు మన భాషలో ఆ భావమంతా కురిసినా అనే క్రియ చివర దీర్ఘంలో ఉంది. ఇంగ్లీషులో అదే పని చేసే మాట ఆ ఉపవాక్యానికి ముందే వచ్చి నిలబడుతుంది. పిల్లవాడికి కావలసింది అర్థం కంటే ఆ మాట ఎక్కడ కూర్చుంటుందన్నది. కాబట్టి దీనికి పద్ధతి వాక్యమే. ఆల్దో ఇట్ రెయిన్డ్ అని మొదటి సగం మీరు చెప్పండి, రెండో సగం వాళ్ళను పూర్తి చేయమనండి. తర్వాత రెండో సగం మీరిచ్చి మొదటి సగం వాళ్ళను అడగండి. ఇలా ఓ పది వాక్యాలు నోటితో అనిపించాకే రాయించాలి. అన్‌లెస్, అన్‌టిల్ కూడా ఈ జాతివే.

మాట ఏదైనా ముందు చెవిన పడాలి, ఆ తర్వాతే కంటపడాలి. ఇంగ్లీషు మాట పైన తెలుగు లిపిలో ఉచ్చారణ రాసుకోవడం మన పిల్లలకు అలవాటు. మొదట్లో అది ఆసరాగా ఉంటుంది, కాదనను. కాని వెస్ట్ అని తెలుగులో రాసుకుంటే అది పడమర దిక్కో, లోపల తొడుక్కునే బనియనో తేడా తెలియదు. ఆ తేడా చెవికే తెలియాలి.

తెలుగు వాడకం గురించి ఇంకొంచెం చెప్పాలి. ఇంగ్లీషు పీరియడులో తెలుగు వినిపించకూడదని పట్టుబట్టేవారు ఉన్నారు. ఆ పట్టుదలతో నేను ఏకీభవించను. అర నిమిషంలో తెలుగులో తేలిపోయే అర్థం కోసం పది నిమిషాలు అభినయం చేయడం కాలయాపన. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇటీవలి ఏళ్ళలో ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. మాటలు నేర్పడానికి అవి మంచి సాధనాలు, వాడుకుంటేనే. పిల్లలు తెలుగు పుట చదివేసి ఇంగ్లీషు పుట వదిలేయకుండా చూడాలి. ఇంగ్లీషు పుటలో ఈ మాట ఉంది, ఎదురుగా తెలుగులో దీనికి జోడీ ఏది, వెతుకు అనాలి. సైన్సు పుస్తకంలో దొరికే జోడీ కిరణజన్య సంయోగక్రియ లాంటిదైతే మళ్ళీ ఇంటి మాటల్లోకి దించాలి. ఆకు ఎండను పట్టుకుని తన తిండి తాను వండుకోవడం అని చెబితే రెండు భాషల పేర్లూ నిలుస్తాయి.

ఇంటి మాట అన్నప్పుడు ఎవరి ఇల్లు అన్న ప్రశ్న వస్తుంది. శ్రీకాకుళం పిల్లల తెలుగు వేరు, ఆదిలాబాదు పిల్లల తెలుగు వేరు, అనంతపురం పిల్లల తెలుగు వేరు. మీ తరగతి ఏ తెలుగు మాట్లాడుతుందో ఆ తెలుగులోనే అర్థం చెప్పండి. గోండి, కోయ, సవర, లంబాడీ మాట్లాడే ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలకు తెలుగే బడిలో నేర్చుకునే భాష. వాళ్ళకు తెలుగు అర్థం ఇచ్చి చెప్పేశాం అనుకోవడం అన్యాయం. అక్కడ వస్తువు చూపాలి, బొమ్మ గీయాలి. అదే భాష మాట్లాడే పై తరగతి పిల్లను పిలిచి, దీన్ని మీ ఇంట్లో ఏమంటారో వీళ్ళకు చెప్పమ్మా అని అడగాలి.

మాటలను గుంపులుగా నేర్పడం మనకు బాగా అలవాటైన మరో పద్ధతి. రంగులన్నీ ఒకరోజు, పండ్లన్నీ ఒకరోజు, వ్యతిరేక పదాలన్నీ ఇంకొకరోజు. చూడ్డానికి పొందికగా ఉంటుంది. కాని థామస్ టింకమ్ అనే పరిశోధకుడు 1993లో ప్రయోగం చేసి చూస్తే, ఒకే కోవకు చెందిన కొత్త మాటలను ఒకేసారి నేర్చుకోవడమే కష్టమని తేలింది. సంబంధం లేని మాటలు కలిపి ఇచ్చినప్పుడు తొందరగా వచ్చాయి. 1997లో వారింగ్ అనే మరో పరిశోధకుడు జపాన్ విద్యార్థులతో చేసి చూసినా ఫలితం అలాగే వచ్చింది. కారణం మన తరగతుల్లోనే కనిపిస్తుంది. ట్యూస్‌డే, థర్స్‌డే ఒకే రోజు నేర్చిన పిల్లలు చాలాకాలం వాటిని తారుమారు చేస్తూనే ఉంటారు. బారో, లెండ్ రెండూ ఒకే పీరియడులో చెబితే తీసుకోవడం ఏదో ఇవ్వడం ఏదో కలగాపులగమైపోతుంది. ముందు బారో ఒక్కటే నేర్పి, అది స్థిరపడ్డాక మరో వారంలో లెండ్ చెబితే ఈ బాధ ఉండదు.

మరి మన పెద్దలు అమరకోశం వల్లె వేయలేదా, అందులో మాటలన్నీ వర్గాలుగానే ఉన్నాయి కదా అని అడగవచ్చు. నిజమే. కాని వాళ్ళు అమరంతో ఆగలేదు. శబ్దాలు, అమరం వల్లించాక రఘువంశం లాంటి కావ్యాలు పట్టుకునేవారు. అమరంలో వల్లించిన మాట కావ్యంలో శ్లోకం తర్వాత శ్లోకంలో మళ్ళీ ఎదురయ్యేది. మన పిల్లలకు అలా మళ్ళీ ఎదురుపడే చోటు లేదు. పాఠం అయిపోయింది, మాట కూడా దాంతోనే పోయింది.

అందుకే పద్ధతులన్నిటిలోకీ నేను పెద్దపీట వేసేది తిరిగి అడగడానికి. అమెరికాలో కార్పికీ, రోడిగర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. కళాశాల విద్యార్థులకు 40 స్వాహిలీ మాటలూ వాటి ఇంగ్లీషు అర్థాలూ నేర్పారు. మాట ఒకసారి వచ్చాక కొందరి చేత దాన్ని మళ్ళీ మళ్ళీ చదివించారు, పరీక్ష మాత్రం పెట్టలేదు. మరికొందరిని మళ్ళీ మళ్ళీ అడిగారు. వారం తర్వాత చూస్తే, అడిగించుకున్నవాళ్ళకు సుమారు 80 శాతం మాటలు గుర్తున్నాయి. చదువుతూ పోయినవాళ్ళకు 35 శాతం దగ్గరే ఆగాయి. మన ఇంపోజిషన్ ఆ చదువుతూ పోయే కోవలోనిదే. పదిసార్లు చూసి రాసేటప్పుడు పిల్లవాడి చెయ్యి కదులుతుంది, జ్ఞాపకానికి పనే ఉండదు. పుస్తకం మూసి, ఆ మాట ఏమిటి అని తడుముకున్న ఆ రెండు క్షణాల్లోనే మాట నాటుకుంటుంది.

దీనికి ఖర్చేమీ లేదు. పాత శుభలేఖలు కత్తిరించి, ఖాళీగా ఉన్న వైపు ఒక ముక్క మీద ఇంగ్లీషు మాట, ఇంకో ముక్క మీద బొమ్మో అర్థమో రాసి రెండూ అంటించి ఒక డబ్బాలో వేయండి. సరిగ్గా చెప్పిన మాటల చీటీలు రెండో డబ్బాలోకి, తప్పినవి మళ్ళీ మొదటి డబ్బాలోకి. మొదటి డబ్బా రోజూ తీయాలి, రెండోది వారానికోసారి. జర్మన్ భాషలో రాసిన సెబాస్టియన్ లైట్నర్ 1972లో ప్రచారంలోకి తెచ్చిన ఏర్పాటు ఇది. కొన్ని మొండి మాటలకు తెలుగు ధ్వనితో ముడిపెట్టే ఉపాయమూ పనిచేస్తుంది. పడిల్ అంటే వాన నీళ్ళు నిలిచిన చిన్న గుంట. అందులో పడితే బట్టలు పాడు అని ఒకసారి చెబితే, పడు అనే మాట గుర్తొచ్చి పడిల్ గుర్తొస్తుంది.

మాట వచ్చినంతమాత్రాన వాక్యం రాదని కూడా గుర్తుంచుకోవాలి. ఫీవర్ తెలుసు, కేమ్ తెలుసు. ఫీవర్ కేమ్ టు మీ అని సెలవు చీటీ రాస్తారు, ఎందుకంటే మనకు జ్వరం వస్తుంది. ఇంగ్లీషులో అది ఉంటుంది. ఐ హావ్ ఎ ఫీవర్ అని మొత్తం ఒకే ముక్కగా నేర్పాలి. మేక్ ఎ మిస్టేక్, క్యాచ్ ఎ కోల్డ్ కూడా అంతే. చీటీ మీద విడిమాట రాసే బదులు జంటనే రాయండి.

తల్లిదండ్రులకు ఒక మాట. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఈ పనిలో సాయపడగలరు. రాత్రి అన్నాలయ్యాక పిల్లల నోటుపుస్తకం తెరిచి, ఇంగ్లీషు మాటలున్న వైపు చేత్తో మూసి, తెలుగు అర్థం చదివి మాట అడగండి. చెప్పింది ఒప్పో తప్పో చెయ్యి తీస్తే పిల్లలకే తెలుస్తుంది. ఐదు నిమిషాలు చాలు. ఎన్నిసార్లు రాశావని అడగడం మానేయండి.

ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం. వచ్చే పాఠంలో ఇచ్చిన మాటలన్నిటినీ బల్ల మీదికి ఎక్కించకండి. పిల్లలకు నిజంగా పనికొచ్చే ఆరేడు మాటలు ఏరుకోండి. ఏది చెప్పాలో, ఏది చూపాలో, ఏది చేయించాలో, ఏది వాక్యంలో పెట్టించాలో పాఠ్యపథకంలో మాట పక్కనే రాసుకోండి. ప్రతి ఇంగ్లీషు పీరియడులో మొదటి ఐదు నిమిషాలు పాత మాటలు అడగడానికి ఉంచండి. ప్రధానోపాధ్యాయులకూ, తనిఖీకి వచ్చే అధికారులకూ కూడా మనవి. నోటుపుస్తకంలో పేజీలు నిండాయా లేదా అన్నదే చూడకండి. ఒక పిల్లను లేపి, పోయిన నెల నేర్చుకున్న మాటతో ఒక వాక్యం చెప్పమని అడగండి.